పాట చిన్నదవ్వాలి... గొంతు కాదు!

దసరాకో, సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు అటక మీంచి ఒక అట్టపెట్టె దిగుతుంది. మూత తీస్తే పాత క్యాసెట్లు! వాటిలో కొన్ని బజార్లో కొన్నవి. సినిమా పాటలు, సుప్రభాతాలు, హరికథలు. అవి పాడైపోయినా బెంగలేదు, ఏదో ఒక రూపంలో మళ్ళీ దొరుకుతాయి. కానీ ఇంకొన్ని ఉంటాయి చూశారూ... మనమే రికార్డు చేసుకున్నవి! అమ్మమ్మ పాడిన లాలిపాట, పిన్ని పెళ్ళిలో పేరంటాళ్ళు పాడిన నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, బతుకమ్మ పాటలు... ఇవి మాత్రం ఏ కొట్లోనూ దొరకవు. పాడినవాళ్ళలో కొందరు మన మధ్య లేకపోయి కూడా ఉంటారు.

ఈమధ్య చాలా ఇళ్ళల్లో ఇలాంటి క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటున్నారు. మంచిదే. అయితే అక్కడితో పనైపోదు. ఇంట్లో పెద్దవాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు వినరు కదా! వాళ్ళ తలగడ పక్కన పెట్టుకునే చిన్న పాటల పెట్టెలోకి వాటిని ఎక్కించాలి. తీరా ఎక్కించబోతే "చోటు లేదు" అంటుంది కార్డు. ఎవర్నడిగినా "కన్వర్ట్ చేసుకోండి, చిన్నవైపోతాయి" అనేస్తారు. ఎలా చెయ్యాలి, ఎంతకి తగ్గించాలి, తగ్గించాక పెద్దవాటిని ఏం చెయ్యాలి... ఈ మూడూ మాత్రం ఎవరూ విడమర్చి చెప్పరు. ఇదేదో పిల్లల పనో, మగవాళ్ళ పనో అని పక్కన పెట్టెయ్యకండి. ఆవకాయ కలపడం వచ్చిన మనకి ఇదేం బ్రహ్మవిద్య కాదు!

అసలు అంత బరువెందుకు?

కంప్యూటర్ పాటని అంకెలుగా రాసుకుంటుంది. సీడీ పద్ధతిలో రాస్తే ఒక్క సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది. అదీ ఎడమ చెవికి వేరు, కుడి చెవికి వేరు. ఇన్ని అంకెలు రాస్తే పుస్తకం లావెక్కదూ! అందుకే ఈ పద్ధతిలో ఒక నిమిషం పాటకి సుమారు 10 ఎంబీల చోటు పడుతుంది. ఐదు నిమిషాల పాట 50 ఎంబీ పైనే. గంట క్యాసెట్టు మొత్తం ఎక్కిస్తే దాదాపు 635 ఎంబీ. కంప్యూటర్లో ఇలాంటి ఫైలు పేరు చివర 'వేవ్' అని గుర్తు ఉంటుంది. క్యాసెట్ నుంచి ఎక్కించినప్పుడు సాధారణంగా ముందు వచ్చేది ఇదే.

మరి ఎంపీత్రీ అంటే? అదే పాటని చాలా తక్కువ చోటులో ఇమిడ్చే పద్ధతి. జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్ళో ఉన్న ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఫైలు చివర 'ఎంపీత్రీ' అని గుర్తు పెట్టాలని వాళ్ళు ఖాయం చేసుకున్నది 1995 జులై 14న. సీడీ పద్ధతిలో 50 ఎంబీలు తినే పాట ఇందులో ఐదు ఎంబీలకి సర్దుకుంటుంది. అంటే పదో వంతు!

చెవికి వినపడనివి తీసేస్తారు

పదింట తొమ్మిది వంతులు ఎక్కడికి పోయాయని మీకు అనుమానం రావచ్చు. వంటింట్లోనే చూడండి. ఉదయం పూట కుళాయి చుక్క చుక్కగా కారుతూ ఉంటే మనకి వినపడుతుంది. మిక్సీ వేశామనుకోండి... చుక్క పడుతూనే ఉంటుంది కానీ మన చెవికి తెలియదు. మిక్సీ ఆపిన మరుక్షణం మళ్ళీ వినపడుతుంది. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దాన్ని కప్పేస్తుందన్నమాట.

ఎంపీత్రీ ఈ కిటుకునే వాడుకుంటుంది. పాటలో ఒక శబ్దం చాటున ఇంకొకటి దాగి, ఎలాగూ మన చెవికి అందదనుకున్నచోట దాన్ని తీసేస్తుంది, లేకపోతే ముతగ్గా రాసుకుంటుంది. అలా మిగిల్చిన చోటే మనకి లాభం. మితంగా తీసినంతవరకూ తేడా తెలియదు. మరీ ఎక్కువ తీసెయ్యమంటే మాత్రం వినపడేవి కూడా పోతాయి. అప్పుడు గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు, రేకు డబ్బాలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 'స', 'శ', 'ష' లాంటి అక్షరాలు బుసబుసమంటాయి.

పక్కవాద్యం లేని గొంతుతోనే చిక్కు

ఈ పద్ధతిని తయారుచేసిన వాళ్ళలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్. ఆయన తన పని ఎంత బాగా వచ్చిందో చూసుకోవడానికి ఒక పాటని పదే పదే విన్నాడు. అమెరికా గాయని సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' అది. 1987లో వచ్చిన ఆ పాటలో వీణా లేదు, మృదంగమూ లేదు. ఒక్క ఆడగొంతు, అంతే! వాయిద్యాల హోరున్న పాటల్లో బయటపడని లోపాలన్నీ ఆ ఒంటరి గొంతులో బయటపడ్డాయట. దాన్ని సరిగ్గా వినిపించేదాకా పద్ధతిని దిద్దుకుంటూ పోయారు.

ఇది మనకెందుకూ అంటారా? మన అమ్మమ్మలు పాడిన పాటలూ అలాంటివే కదండీ! పక్కవాద్యం ఉండదు, శ్రుతిపెట్టె ఉండదు. ఒక గొంతు పాడుతుంటే మధ్యలో ఎవరో చిన్నపిల్ల ఏడుపు, గాజుల చప్పుడు. ఇందులో లోపాన్ని దాచడానికి వేరే శబ్దమే లేదు. అంచేత సినిమా పాటకన్నా అమ్మ పాటని కుదించేటప్పుడే మనం ఎక్కువ జాగ్రత్త పడాలి. "ఏముందిలే, ఉత్త గొంతే కదా" అని మరీ పిండెయ్యకూడదు.

మడత వేరు, వరుగు వేరు

పాటని చిన్నది చెయ్యడంలో రెండు రకాలున్నాయి. ఇది బాగా గుర్తుంచుకోవాలి.

మొదటిది పట్టుచీర మడతలాంటిది. ఆరున్నర గజాల చీరని మడిచి బీరువాలో చిన్న అరలో పెడతాం. మళ్ళీ విప్పితే పోగు కూడా పోకుండా మొత్తం చీర మన చేతికొస్తుంది. 'ఫ్లాక్' అనే పద్ధతి ఇలాంటిది. ఇందులో పాట సుమారుగా సగానికి తగ్గుతుంది. విప్పితే అసలుకి అసలు మళ్ళీ వస్తుంది.

రెండోది వరుగులాంటిది. వంకాయలో, దొండకాయలో తరిగి ఎండబెడితే బుట్టెడు కూర గుప్పెడవుతుంది. ఎన్నాళ్ళైనా నిలవుంటుంది, కూరా రుచిగానే ఉంటుంది. కానీ ఆ వరుగుని నీళ్ళల్లో నానబెడితే మళ్ళీ లేత వంకాయ అవుతుందా? అవ్వదు. ఎంపీత్రీ ఈ రకం. ఒకసారి పోయింది పోయినట్టే.

చిన్న ఫైలుని మళ్ళీ పెద్ద సైజుకి మారిస్తే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. చోటు పెరుగుతుందే తప్ప పాట పెరగదు. పల్చటి మజ్జిగని పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవదు కదా! అలాగే, ఒక ఎంపీత్రీ నుంచి ఇంకో చిన్న ఎంపీత్రీ, దాన్నుంచి మరో చిన్నది... ఇలా చేసుకుంటూ పోతే జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు ప్రతిసారీ కొంత మాసిపోతుంది. ఎప్పుడు చిన్న కాపీ కావాలన్నా పెద్ద ఫైలు నుంచే తియ్యాలి.

మా ఇంటి లెక్క

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. చూపు బాగా తగ్గింది. సెల్‌ఫోన్ అద్దం మీద వేలు జరపడం ఆవిడ వల్లకాదు. నొక్కితే చేతికి తెలిసే మీటలున్న చిన్న పాటల పెట్టె ఆవిడకి సుఖం. అందులో 4 జీబీ కార్డు ఉంది. ఆవిడ అక్కగారు మంచి పాటకత్తె. ఇప్పుడు లేరు. 1988లో ఇంట్లో వరసగా పెళ్ళిళ్ళు జరిగినప్పుడు ఆవిడ పాడిన పాటలు ఎనిమిది క్యాసెట్లలో ఉన్నాయి. ఒక్కొక్కటీ గంట క్యాసెట్టు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తే మొత్తం 5 జీబీ దాటింది. 4 జీబీ కార్డులో ఎలా పడుతుంది?

అప్పుడు లెక్క వేసుకున్నాం. ఎంపీత్రీలో సెకనుకి ఎంత సమాచారం రాయాలో మనమే చెప్పొచ్చు. దాన్ని బిట్‌రేట్ అంటారు. పేరు చూసి భయపడకండి. నిమిషానికి పట్టే చోటు ఇలా గుర్తుపెట్టుకుంటే చాలు:

64 అయితే నిమిషానికి సుమారు అర ఎంబీ.
128 అయితే సుమారు ఒక ఎంబీ.
192 అయితే సుమారు ఒకటిన్నర ఎంబీ.
320 అయితే సుమారు రెండున్నర ఎంబీ.

ఇంకో సంగతి. అప్పట్లో మా టేప్‌రికార్డర్‌కి ఉన్నది ఒకటే మైకు. అంటే రెండు చెవులకీ వినిపించేది ఒకే శబ్దం. అలాంటప్పుడు ఒకే పాటని కుడికీ ఎడమకీ రెండుసార్లు రాయించడం దండగ. ఒక్కసారే రాయించడాన్ని 'మోనో' అంటారు, విడివిడిగా రెండు రాస్తే 'స్టీరియో'. మోనోలో 64 అంటే స్టీరియోలో 128తో ఇంచుమించు సమానం, ఎందుకంటే అక్కడ 128ని ఇద్దరు పంచుకోవాలి, ఇక్కడ 64 అంతా ఒక్కరిదే! పాత సినిమా పాటలకీ ఇది పనికొస్తుంది. 1957 నాటి 'మాయాబజార్' పాటల్లాంటివి రికార్డయిందే మోనోలో.

64 మోనోలో పెడితే మా ఎనిమిది క్యాసెట్లూ కలిపి 230 ఎంబీలకి వచ్చేస్తాయి. కార్డులో చాలా చోటు మిగులుతుంది. మరి చోటున్నప్పుడు పిసినారితనం దేనికి? అందుకని 96 మోనో పెట్టాం. మొత్తం సుమారు 345 ఎంబీలైంది. మిగతా చోటులో ఆవిడకి ఇష్టమైన భజనలూ, పురాణ ప్రవచనాలూ ఎక్కించాం. ఇందులో నేను చెప్పేది ఒక్కటే. గిన్నె చూసుకుని వడ్డించుకోండి. అవసరమైనంతే తగ్గించండి, అంతకన్నా ఒక్క మెట్టు కూడా కిందికి దిగకండి.

ఎంతకి తగ్గించాలి?

మాటలే ఉన్న ప్రవచనాలు, కథలు అయితే 48 నుంచి 64 మోనో సరిపోతుంది.

ఒంటరి గొంతు పాటలు, పెళ్ళి పాటలు, హారతులు అయితే 64 మోనోకి తగ్గొద్దు. చోటుంటే 96 మోనో పెట్టుకోండి.

వాయిద్యాలున్న స్టీరియో పాటలు, కచేరీలు అయితే కనీసం 128 స్టీరియో. చోటుంటే 192.

ఇంకో సూచన. వయసు పైబడినకొద్దీ మన చెవికి ముందుగా తగ్గేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. మరీ తక్కువ బిట్‌రేట్ పెడితే ఎంపీత్రీ కూడా ముందుగా కోసేది వాటినే. అసలే వినపడనివాళ్ళకి మనం ఇంకొంచెం కోసి పెట్టినట్టవుతుంది. "ముసలివాళ్ళకి ఏదైనా ఒకటే" అనుకోవడం తప్పండీ. మాట స్పష్టంగా ఉండాల్సింది వాళ్ళకే!

కావలసినవి

కంప్యూటర్ ఒకటి, పెద్ద ఫైళ్ళు, పాటల పెట్టెకి సరిపడే కార్డు, దాన్ని కంప్యూటర్‌కి తగిలించే చిన్న రీడరు, 'ఆడాసిటీ' అనే ప్రోగ్రాము. ఇది ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. దాన్ని తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దింపుకోండి. ఎక్కడ పడితే అక్కడ దింపితే అక్కర్లేని చెత్త కూడా వెంటపడి వస్తుంది. ఓపిక ఒక గంట, పక్కన కాఫీ!

చేసే విధానం

1. ముందుగా పెద్ద ఫైళ్ళన్నిటినీ ఒక ఫోల్డర్లో పెట్టి దానికి 'అసలు' అని పేరు పెట్టండి. 'చిన్నవి' అని ఇంకో ఖాళీ ఫోల్డర్ తెరవండి. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా కలిసిపోకుండా చీటీ అంటించుకోమూ, అలాగన్నమాట.

2. ఆడాసిటీ తెరిచి, అందులో ఫైల్ అనే చోట నొక్కి, పెద్ద ఫైలుని తెరవండి. పాట అలలు అలలుగా తెర మీద కనిపిస్తుంది. అలలు లేని చోట నిశ్శబ్దం, ఎత్తుగా ఉన్నచోట గట్టి శబ్దం.

3. గంట క్యాసెట్టు మొత్తం ఒకే ముక్కగా ఎక్కిస్తే పెద్దవాళ్ళకి కావలసిన పాట వెతుక్కోవడం కష్టం. ఒక పాట మొదలు నుంచి చివరిదాకా మౌస్‌తో గీసి ఎంచుకోండి. ఎంచుకున్న భాగాన్ని మాత్రమే విడిగా తీసే వీలు అందులో ఉంది.

4. ఫైల్ కింద 'ఎక్స్‌పోర్ట్' అనే మాట ఉంటుంది. దాన్ని నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఫార్మాట్ దగ్గర ఎంపీత్రీ, ఛానల్స్ దగ్గర మోనో, శాంపుల్ రేట్ దగ్గర 44100, బిట్‌రేట్ మోడ్ దగ్గర కాన్‌స్టంట్, క్వాలిటీ దగ్గర మీరు అనుకున్న 64 గానీ 96 గానీ పెట్టండి. ప్రోగ్రాము వెర్షన్‌ని బట్టి ఈ మాటలు అటూ ఇటూ ఉండొచ్చు, కంగారు పడకండి.

5. కాన్‌స్టంట్ అని ఎందుకు పెట్టమన్నానంటే, బిట్‌రేట్ మారుతూ పోయే రకం ఫైళ్ళని పెడితే కొన్ని చవక ప్లేయర్లు పాట ఎంతసేపో తప్పుగా చూపిస్తాయి.

6. పేరు పెట్టేటప్పుడు ముందు 01, 02, 03 అని అంకెలు వెయ్యండి. తెలుగు అక్షరాల్లో పేరు పెడితే కొన్ని ప్లేయర్లు చదవలేవు, గళ్ళు చూపిస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరు పెడితే గొడవుండదు.

7. కొత్త ఫైలుని 'చిన్నవి' ఫోల్డర్లోనే దాచండి. మొత్తం చెయ్యకముందు ఒక్క పాట చేసి, ప్లేయర్లో పెట్టి, వినేవాళ్ళ చేతే వినిపించండి. ఉప్పు చూశాకే కదా వడ్డిస్తాం!

8. బాగుందంటే మిగతావి కూడా చేసి కార్డులోకి కాపీ చెయ్యండి. చాలా ప్లేయర్లు మనం కాపీ చేసిన వరసలోనే వాయిస్తాయి. అందుకని 01 నుంచి వరసగా ఒక్కొక్కటీ పంపండి. అయ్యాక కార్డుని చటుక్కున లాగెయ్యకుండా 'ఎజెక్ట్' నొక్కి తియ్యండి.

కార్డు కొనేటప్పుడు 32 జీబీ లోపుది కొనండి. అంతకన్నా పెద్దవి వేరే పద్ధతిలో తయారై వస్తాయి, చిన్న ప్లేయర్లు వాటిని గుర్తుపట్టకపోవచ్చు. ప్లేయరు కార్డుని 'ఫార్మాట్' చెయ్యమని అడిగితే, ముందు అందులో ఏమున్నాయో చూసుకోండి. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

సెల్‌ఫోన్లో రికార్డు చేసిన పాటలు కూడా ఈ ప్లేయర్లలో ఒక్కోసారి మోగవు. చాలా ఫోన్లు 'ఎంఫోర్ఏ' అనే వేరే రకంలో దాస్తాయి. వాటినీ ఇలాగే ఎంపీత్రీగా మార్చుకోవాలి. ఆడాసిటీ అలాంటి ఫైలుని తెరవకపోతే 'వీఎల్‌సీ' అనే ఉచిత ప్రోగ్రాములో 'కన్వర్ట్' అనే మాట ఉంటుంది, అక్కడ మార్చొచ్చు. ఇక నెలనెలా డబ్బు కట్టి వినే పాటల యాప్‌లలో 'డౌన్‌లోడ్' చేసినవి ఆ యాప్‌లోనే మోగుతాయి. వాటిని కార్డులోకి తేవాలని కుస్తీ పట్టకండి. కొన్న సీడీ నుంచో, డబ్బిచ్చి కొన్న ఫైలు నుంచో మన ఇంటి వాడకానికి తీసుకోండి. కాపీలు తీసి అమ్మడం మాత్రం చట్టం ఒప్పుకోదు.

పెద్ద జాడీ పారెయ్యకండి

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. చిన్నవి తయారయ్యాక ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, "ఈ పెద్దవి ఇంకెందుకు? చోటు తింటున్నాయి, తీసేద్దాం" అని. మావాడూ అన్నాడు.

"అమ్మా, 5 జీబీ ఊరికే పడుంది. చిన్నవి వచ్చేశాయి కదా, డిలీట్ చేసెయ్యనా?"

"ఉండనీరా నాన్నా! పచ్చడి చిన్న సీసాలోకి తీసుకున్నామని జాడీ పారబోస్తామా?" అన్నాను.

నిజమే కదండీ. ఏడాదికి సరిపడా ఆవకాయ పెద్ద జాడీలో పెట్టి, వాసెన కట్టి, తడి తగలకుండా పైన పెడతాం. రోజూ వాడుకోడానికి చిన్న సీసాలోకి తీసుకుంటాం. సీసా పగిలినా, చెయ్యి తడిగా ఉండి బూజు పట్టినా జాడీ ఉందన్న ధైర్యం. పాటల పెట్టెలో ఉన్నది సీసా. కంప్యూటర్లో ఉన్న పెద్ద ఫైలు జాడీ.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇది తిరగబడింది. వాళ్ళమ్మగారి క్యాసెట్లు ఒక షాపులో ఇస్తే, "తక్కువ చోటులో ఎక్కువ పాటలు" అని వాళ్ళు మరీ చిన్న బిట్‌రేట్లో ఎక్కించి ఇచ్చారు. పాట మోగుతోంది కదా అని వీళ్ళు క్యాసెట్లు చెత్తబండిలో వేసేశారు. రెండేళ్ళ తర్వాత మనవరాలు ఆ అప్పగింతల పాట నేర్చుకుంటానంది. వింటే ఏముంది... గమకం దగ్గర గొంతు గరగరమంటోంది, సగం మాటలు తెలియడం లేదు. ఎవరో చెప్పారని ఆ ఫైలుని 320కి మార్పించారు. ఫైలు ఉబ్బింది, గొంతు అలాగే ఉంది. ఇప్పుడు ఆ పాట ఎలా ఉండేదో చెప్పడానికి పాడిన మనిషీ లేదు, క్యాసెట్టూ లేదు. షాపులో ఇచ్చేటప్పుడు "మాకు వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఇవ్వండి, ఎంపీత్రీ మేం చేసుకుంటాం" అని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది!

మా ఇంట్లో పెద్దవి ఉంచుకోవడం ఎలా పనికొచ్చిందో కూడా చెబుతాను. ఆర్నెల్లు గడిచాక, ఆ రికార్డింగుల్లో ఫ్యాన్ హోరు ఎక్కువగా ఉందని అనిపించింది. ఆడాసిటీలో హోరు తగ్గించే సదుపాయం ఉంది. పాట లేని చోట ఉత్త హోరుని దానికి చూపిస్తే, మిగతా అంతటా దాన్ని తగ్గిస్తుంది. ఎక్కువ తగ్గిస్తే గొంతు కూడా పాడవుతుంది కాబట్టి కొద్దిగానే తగ్గించాం. పెద్ద ఫైలు ఉంది కాబట్టి దాని మీద చేసి, మళ్ళీ కొత్తగా చిన్న కాపీ తీశాం. అది విని మా అత్తగారు, "ఇప్పుడు అక్క మంచం మీద నా పక్కన కూచుని పాడుతున్నట్టుందే!" అన్నారు. వరుగు మీద ఈ పని చేసుంటే అంత బాగా వచ్చేది కాదు.

దాచుకునే పద్ధతి

పెద్ద ఫైళ్ళని ఒక్కచోటే దాచకండి. కంప్యూటర్లో ఒకటి, విడి హార్డ్‌డిస్కులో ఒకటి ఉండాలి. వీలైతే వేరే ఊళ్ళో ఉన్న అమ్మాయి దగ్గరో, తమ్ముడి దగ్గరో ఇంకొకటి. పెన్‌డ్రైవ్‌నే నమ్ముకోకండి, చెప్పాపెట్టకుండా పోతుంది. చోటు మరీ ఇబ్బందైతే వేవ్‌ని తీసేసి ఫ్లాక్‌గా ఉంచుకోండి. చీర మడత కాబట్టి ఏమీ పోదు, చోటు సుమారు సగం కలిసొస్తుంది.

సెల్‌ఫోన్లో చుట్టాలకి పంపేటప్పుడు పెద్ద ఫైలుని 'డాక్యుమెంట్'గా పంపండి. అలాగైతే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

క్యాసెట్లని కూడా పారెయ్యకండి. ఎండా, చెమ్మా తగలకుండా, స్పీకర్ల లాంటి అయస్కాంతం ఉన్న వస్తువులకి దూరంగా పెట్టండి. నిలబెట్టి ఉంచితే మంచిది.

ఒక చిన్న నోటు పుస్తకంలో ఏ నంబరు పాట ఎవరు పాడారు, ఎవరి పెళ్ళిలో, ఏ సంవత్సరంలో... ఇవన్నీ రాసి పెట్టండి. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. ఫలానా గొంతు ఫలానా అత్తయ్యదని చెప్పగలిగేవాళ్ళు రేపు ఉండకపోవచ్చు.

చివరిగా ఒక్క మాట. ఈ పని పండక్కో, సెలవులకో అని వాయిదా వెయ్యకండి. క్యాసెట్టులోని టేపు ఏళ్ళు గడిచేకొద్దీ పాడైపోతూనే ఉంటుంది. ఈ వారంలో ఒక్క క్యాసెట్టు తీసుకోండి. ఒక్క పాట చెయ్యండి. మీ ఇంట్లో ఆ పాట కోసం ఎదురుచూసే చెవి ఎవరిదో మీకే బాగా తెలుసు.